రాజుగారి దవడ

పేరిందేవి నలభై ఏళ్ళపాటు రాజు వేషం కట్టింది. తెనాలి చుట్టుపక్కల పద్య నాటకం చూసే అలవాటున్న వాళ్ళలో ఆమె పేరు తెలియనివాళ్ళు లేరు. ఆడమనిషి రాజు వేషం వేయడం ఆ ప్రాంతంలో వింతేమీ కాదు గాని, ఆమెలా కిరీటం పెట్టుకుని తల ఎత్తి నిలబడగలిగిన వాళ్ళు మాత్రం తక్కువ. చెవి కింద మొదలై గడ్డం దాకా ఉలితో గీసినట్టుండే దవడ ఆమెది. పక్కకు తిరిగి నిలబడితే చాలు, పద్యం ఎత్తుకోకముందే చప్పట్లు పడేవి.

అరవై దాటాక ఆ గీత చెదిరిపోయింది. దవడ ఎముక కూడా వయసుతో అరుగుతుందనీ, దాన్ని పట్టుకుని ఉండాల్సిన కండ కిందికి జారుతుందనీ కూతురు బిందు వివరంగానే చెప్పింది. కారణం తెలిసినందువల్ల పేరిందేవికి ఒరిగిందేమీ లేదు. మేకప్ వేసేవాడు చెవుల వెనక ప్లాస్టర్లు అంటించి, చర్మాన్ని వెనక్కి లాగి, పైన జుట్టు కప్పేవాడు. రేపల్లెలో పరిషత్తు పోటీలు జరుగుతున్నప్పుడు రెండో అంకంలో, రాగం నడుమ, ఎడమవైపు ప్లాస్టర్ ఊడిపోయింది. ఒక చెంప పాతికేళ్ళ రాజుది, రెండో చెంప అరవై రెండేళ్ళ పేరిందేవిది. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె పద్యం ఆపలేదు, మొహం తిప్పుకోలేదు. హార్మోనియం దగ్గర కూర్చున్న భర్త బసవయ్య ఆమె గొంతు ఎక్కడ వణుకుతుందోనని శ్రుతి పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. అది వణకలేదు. తెర పడ్డాక కిరీటం తీసి పెట్టెలో పెట్టి తాళం వేసింది.

ఆ తరవాత నాటకాల కాంట్రాక్టరు ఫోన్ చేసి, ఈసారి రాజమాత వేషం వేస్తారా అని మర్యాదగానే అడిగాడు. పక్కన నిలబడి కళ్ళు ఒత్తుకునే వేషాలు తనకు అలవాటు లేవని ఆమె కూడా అంతే మర్యాదగా చెప్పి ఫోన్ పెట్టేసింది.

బిందు అసలు పేరు హిమబిందు. గుంటూరు పొలిమేరలో ఉన్న ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో శాస్త్రవేత్త. పొద్దున్నే తెనాలి నుంచి రైల్లో వెళ్ళి సాయంత్రానికి తిరిగి వస్తుంది. ఆరేళ్ళుగా ఒకటే పని మీద ఉంది. ముడతలు పడ్డ మొహంలోకి ఎక్కించే ఫిల్లర్లు అప్పటికే బజారులో బోలెడున్నాయి. అవన్నీ ఎక్కించినచోట ముద్దలా కూర్చుని, ఏడాదికో ఏడాదిన్నరకో కరిగిపోయేవే. బిందు చేస్తున్నది అలాంటిది కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ పని ఏమిటో ఇంట్లోవాళ్ళకు చూపించింది. చిన్న డబ్బాలోంచి తాటిముంజలాంటి ముద్దను తీసి స్టీలు కంచంలో వేసింది. రెండు వేళ్ళతో ఒక కొసను పట్టుకుని కొద్దికొద్దిగా లాగుతూ, వదులుతూ, మళ్ళీ లాగుతూ పది నిమిషాలు అలాగే చేసింది. ఆ తరవాత కంచాన్ని తల్లి ముందుకు జరిపి ముట్టుకోమంది. లాగని వైపు ముద్ద ఇంకా నీళ్ళునీళ్ళుగానే ఉంది. లాగిన వైపు మాత్రం చింతపిక్కలా గట్టిపడింది.

"ఇందులో పట్టుపురుగు నుంచి తీసిన పదార్థం ఉందమ్మా. దాంట్లో ఎవరికి ఎక్కిస్తామో వాళ్ళ కణాలే కలుపుతాం. కండ ఎటు లాగితే అటు పేరుకుంటుంది. ఏ మొహానికి ఏ ఆకారం కావాలో మనం చెప్పక్కర్లేదు, ఆ మొహమే చెప్పుకుంటుంది," అంది బిందు.

పేరిందేవి ఆ గట్టిపడ్డ కొసను వేలితో రెండుసార్లు తట్టి చూసింది. తనకు ఎక్కించమని ఆ క్షణమే అడిగింది.

బిందు ఒప్పుకోలేదు. సొంత తల్లిమీద పరీక్ష చేస్తే ఆ ఫలితాన్ని ఎవరూ నమ్మరని చెప్పింది. పేరిందేవి వారం రోజులు ఆ మాట ఎత్తలేదు. ఎనిమిదో రోజు తనే గుంటూరు వెళ్ళి, పరీక్షకు అనుమతులిచ్చే కమిటీకి అర్జీ రాసిచ్చి వచ్చింది. కమిటీ వాళ్ళు రెండు నెలలు ఆలోచించి, ఆమెకు సూది వేయడం గానీ, కొలతలు తీయడం గానీ బిందు చేయకూడదనే షరతు మీద ఒప్పుకున్నారు. ఆ పని ప్రయోగశాల డాక్టర్ జహీరా చూసుకుంది. అలా ముప్ఫై ఒక్కమంది వాలంటీర్లలో పేరిందేవి ఒకతె అయింది.

దవడ పొడవునా ఒక్కో వైపు ఎనిమిది సూదిపోట్లు. నొప్పి పెద్దగా లేదు. ఇంటికి పంపేముందు జహీరా చెప్పిన జాగ్రత్త ఒకటే. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి, ఎలా తింటారో అలాగే తినండి, ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి అంది. రోజూ ఉన్నట్టు ఉండడమంటే పేరిందేవికి పొద్దున్నే రెండు గంటల సాధన. బసవయ్య హార్మోనియం ముందు కూర్చునేవాడు, ఆమె నిలబడి పద్యం తరవాత పద్యం ఎత్తుకునేది. లోపల ఆ జిగురు ఆమె రాగాలు విని గట్టిపడుతోందని అతను వేళాకోళం చేసేవాడు. అందులో అబద్ధం కూడా లేదు.

ఆరో వారంలో ఒక పొద్దున బసవయ్య హార్మోనియం మెట్లమీద వేళ్ళు ఆపేశాడు.

"దేవీ, కిటికీ వైపు తిరుగు," అన్నాడు.

ఆమె తిరిగింది. అతను చూసి, మళ్ళీ వాయించడం మొదలుపెట్టాడు. తాళం రెండుసార్లు తప్పాడు. ఆమె లోపలికి వెళ్ళి అద్దంలో చూసుకుంది. చెవి కింద నుంచి గడ్డం దాకా గీత వచ్చేసింది. అది ఎవరో తెచ్చి అతికించినట్టు లేదు. జుట్టు నెరిసే ఉంది, కళ్ళ కింద ముడతలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. దవడ మాత్రం ఆమెదే, వేరే ఊళ్ళో మరిచిపోయి వచ్చిన వస్తువు ఎవరో తెచ్చిచ్చినట్టు.

చిలకలూరిపేటలో మళ్ళీ రాజు వేషం కట్టింది. ప్లాస్టర్లు వద్దంది. వేదిక మీదికి వచ్చి పక్కకు తిరిగేసరికి హాలు హోరెత్తింది. నాటకం అయ్యాక సన్మానం చేస్తామని పిలిస్తే శాలువా కప్పించుకుని, మైకు తీసుకుని, ఈ దవడ తన కూతురు చేసిందని చెప్పింది. తనకు రాజసం నేర్పినవాళ్ళు పోయారనీ, పోయిన రాజసాన్ని తెచ్చిచ్చిన మనిషి మాత్రం అదిగో ఆరో వరసలో తలవంచుకుని కూర్చుందనీ చెప్పి చెయ్యి చాపి చూపించింది. బిందు ఇంకా కిందికి వంగిపోయింది. పేరిందేవి జీవితంలో ఎన్నో చప్పట్లు విన్నది గాని, ఆ పూట కూతురి కోసం పడ్డ చప్పట్లు ఆమెకు వేరుగా వినిపించాయి.

కంపెనీ యజమాని రంగనాయకులు ఆ నాటకంలో ఆమె ఫొటోనే నిలువెత్తున వేయించి కంపెనీ హాల్లో పెట్టించాడు. అమ్మకానికి అనుమతి రావడానికి ఇంకా ఏడాది పడుతుంది, అయినా వచ్చినవాళ్ళందరికీ ఆ బొమ్మ చూపించేవాడు. నెలనెలా కొలతలకు వెళ్ళినప్పుడు పేరిందేవి దాని పక్క నుంచి నడిచివెళ్ళేది. తెలిసినవాళ్ళు కనబడితే నడక కొంచెం తగ్గించేది.

అక్కడే ఆమెకు రూతమ్మ పరిచయమైంది. టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైన మనిషి, ఊరు పొన్నూరు. మాట తక్కువ. భర్త పదకొండేళ్ళు మంచం మీద ఉండి పోయాడు. ఆ పదకొండేళ్ళూ ఎవరి సాయమూ అడగకుండా, ఎవరి ముందూ కన్నీరు పెట్టకుండా పంటి బిగువున నెట్టుకొచ్చింది. ఈ వయసులో ఈ సూదులెందుకు వేయించుకున్నారని పేరిందేవి అడిగింది.

"ఆ పదకొండేళ్ళూ నా మొహం మీద కనపడకూడదని," అంది రూతమ్మ.

ఆమెకు కూడా మొహం అందంగా తిరిగివచ్చింది. చర్చిలో పిల్లలు తనని గుర్తుపట్టలేదని ఒకసారి చెప్పి నవ్వింది. ఆమె నవ్వడం పేరిందేవి చూసింది ఆ ఒక్కసారే.

అయిదో నెలలో పేరిందేవికి పైస్థాయి అందలేదు. గొంతు బాగానే ఉంది. రాగం పైకి వెళ్ళినచోట నోరు తెరుచుకోవలసినంత తెరుచుకోలేదు. తలుపు గడప దగ్గర ఒరుసుకున్నట్టు దవడ ఒకచోటికి వచ్చి ఆగిపోయింది. బసవయ్య చెయ్యి ఆపి చూశాడు. జలుబు చేసిందని చెప్పింది. మర్నాడూ అంతే అయింది. ఆ పద్యాన్ని సాధన నుంచి తీసేసింది. జామకాయ కొరకడం మాని ముక్కలు కోసుకు తినడం మొదలుపెట్టింది. నెల కొలతలకు వెళ్ళినప్పుడు ఏమైనా ఇబ్బందిగా ఉందా అని జహీరా అడిగితే, లేదంది. గీత ఎంత సూటిగా ఉందో, చర్మం ఎంత బిగిసిందో కొలిచే యంత్రాలు అక్కడ నాలుగున్నాయి. నోరు ఎంత తెరుచుకుంటోందో కొలిచే పద్ధతి ఆ పరీక్షలో లేదు.

ఎందుకు చెప్పలేదంటే ఆమె దగ్గర జవాబు ఉంది. కూతురు ఆరేళ్ళు కష్టపడి కట్టినదానికి తన నోటితో పగులు పెట్టడం ఇష్టం లేకపోయింది. హాల్లో ఉన్న నిలువెత్తు బొమ్మ మీద కూడా ఇష్టం ఉంది. రెండింటిలో ఏది ఎక్కువో ఆమె లెక్కతేల్చుకోలేదు.

తరవాతి నెల కొలతలకు రూతమ్మ రాలేదు. ఫోన్ చేస్తే తీయలేదు. పేరిందేవి అక్కడినుంచి నేరుగా పొన్నూరు బస్సెక్కింది. రూతమ్మ వరండాలో కుర్చీలో కూర్చుని స్ట్రాతో గంజి తాగుతోంది. పేరిందేవిని చూసి లేవబోయింది. పలకరించింది గాని, మాట పళ్ళ సందుల్లోంచి గాలిలా వచ్చింది. పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య చిటికెనవేలు కూడా పట్టదు. మూడు వారాలుగా అలాగే ఉందిట. నిద్రలో పళ్ళు బిగిసిపోతాయని, అది చిన్నప్పటి అలవాటు కాదనీ, ఆయన మంచాన పడ్డప్పటి నుంచి వచ్చిందనీ కాయితం మీద రాసి చూపించింది. డాక్టర్లకు ఎందుకు చెప్పలేదని అడిగితే ఇంకో వాక్యం రాసింది. తగ్గిపోతుందనుకున్నాను, ఎవరినీ ఇబ్బంది పెట్టడమెందుకని.

తిరుగు బస్సులో పేరిందేవి కిటికీ వైపు మొహం పెట్టి, కుడిచేతి మూడు వేళ్ళు నిలువుగా కలిపి పళ్ళ మధ్య పెట్టుకుని చూసింది. బాగున్న నోట్లో మూడూ పడతాయి, ఆమెకు రెండే పట్టాయి.

ఆ మధ్యాహ్నమే ప్రయోగశాలకు వెళ్ళి బిందుకి మొదట రూతమ్మ సంగతి చెప్పింది, తరవాత తన సంగతి చెప్పింది. బిందు లేచి వచ్చి తల్లి నోరు తెరిపించి చూసింది.

"ఎప్పటినుంచి?"

"నెలన్నర అయింది."

బిందు కుర్చీలో కూర్చుంది. కోప్పడలేదు. చాలా మెల్లగా అంది: "నెలన్నర ముందు చెప్పుంటే రూతమ్మగారు ఇవాళ అన్నం తింటూ ఉండేదమ్మా."

పేరిందేవిని ఎన్నో పరిషత్తుల్లో ఎంతోమంది విమర్శించారు. వాళ్ళెవరి మాటా అంత లోతుకి దిగలేదు. ఆమె తలవంచుకుని విన్నది. అడగకపోయిన తప్పు తనది అని బిందు వెంటనే అన్నది గాని, ఆ మాట తల్లిని ఊరడించడానికి కాదు. కాయితం తీసుకుని ఆ తప్పునే మొదటి పంక్తిగా రాసుకుంది: నోరు తెరుచుకోవడాన్ని మేము కొలవలేదు.

ఆ వారం బిందు ఇంటికి రాలేదు. ముప్ఫై ఒక్కమంది స్కానులూ మళ్ళీ తీయించింది. తేలిందేమిటంటే, ఆ జిగురుకి పేరుకోవడం తెలుసుగాని ఆగడం తెలియదు. మాట్లాడేవాళ్ళలో, పాడేవాళ్ళలో, గట్టిగా నవ్వేవాళ్ళలో అది నలుమూలలా లాగబడి మెల్లగా పెరిగింది. మాట మింగుకుని పళ్ళు బిగించి బతికినవాళ్ళలో మాత్రం ఆ బిగువునే మొహం కోరుకున్న ఆకారం అనుకుని, దవడ కీలు చుట్టూ గూడు కట్టింది. నోరు పూర్తిగా బిగిసిపోవడానికి రూతమ్మకు ఆరు నెలలు పట్టింది. పేరిందేవికి ఏడాదిన్నర పట్టవచ్చు. ఎవరికైనా చివరికి జరిగేది అదే.

కరిగించే మందు బిందు దగ్గర ఉంది. మొదటి నుంచీ దాన్ని సిద్ధంగా ఉంచింది. కాకపోతే ఈ ఆరునెలల్లో ఆ జిగురు వాళ్ళ కండతో కలిసిపోయింది. కరిగించాలంటే దానితోపాటు సొంత కండ కూడా కొంత కరుగుతుంది. మొహం పూర్వం ఉన్నట్టు ఉండదు. అంతకన్నా ఎక్కువ జారుతుంది, తిరిగి రాదు.

రంగనాయకులు చెడ్డవాడేమీ కాదు. అతను అడిగింది రెండు నెలల గడువు. రూతమ్మకు పళ్ళు బిగించే జబ్బు ముందే ఉందనీ, అలాంటివాళ్ళని పక్కన పెడితే సరిపోతుందేమో చూద్దామనీ అన్నాడు. బిందు స్కానులు బల్లమీద పరిచి, తన తల్లిది ఏదో వేలితో చూపించి, ఆమెకు ఆ జబ్బు లేదని చెప్పింది. అదేరోజు ఔషధ నియంత్రణ అధికారులకు జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టి పంపింది. పంపాక దాని నకలు అతని చేతికిచ్చింది.

వాలంటీర్లందరినీ పిలిపించారు. రూతమ్మ అప్పటికే ఆసుపత్రిలో ఉంది, మిగతా ముప్ఫై మందీ కంపెనీ హాల్లో ఆ నిలువెత్తు బొమ్మ ముందు కూర్చున్నారు. అందరి మొహాలూ నిగనిగలాడుతున్నాయి. బిందు నిలబడి, ఏమీ దాచకుండా, తన పొరపాటుతో మొదలుపెట్టి చెప్పింది. కరిగించుకుంటే మొహం ఇంతకుముందుకన్నా అధ్వాన్నంగా ఉంటుందని కూడా చెప్పింది. ఆ మాట దగ్గర హాలంతా కదిలింది. రిటైరైన తహసీల్దారు ఒకాయన లేచి, తన నోరు చక్కగా తెరుచుకుంటోందనీ, రేపెప్పుడో ఏదో అవుతుందని ఇవాళ బాగున్నదాన్ని పాడుచేసుకోమనడం ఏం న్యాయమనీ అడిగాడు. చాలామంది తలలూపారు. ఒకావిడ సంచి తీసుకుని వెళ్ళిపోవడానికి లేచింది.

పేరిందేవి కూడా లేచింది. ఆమె ఏం మాట్లాడాలో అనుకుని రాలేదు.

"ఆ బొమ్మలో ఉన్నది నేనే," అంది. "మీలో సగంమంది ఆ బొమ్మ చూసే ఇక్కడ ధైర్యంగా కూర్చున్నారు. నాకు రెండు నెలలుగా నోరు పూర్తిగా తెరుచుకోవట్లేదు. డాక్టరమ్మ అడిగితే ఇబ్బందేమీ లేదని అబద్ధం చెప్పా. నా కూతురి పేరు పోతుందన్న భయంతో చెప్పా, నా మొహం పోతుందన్న భయంతో చెప్పా. పొన్నూరు ఆవిడ ఒకామె ఇవాళ ఆసుపత్రిలో గంజి తాగుతోంది. అందులో నా పాలు ఉంది."

జహీరాని పిలిచి, కరిగించే సూది ముందు తనకే వేయమని, అది అందరి ఎదుటే వేయమని అడిగింది. లోపలి గదిలో వేస్తామన్నారు. ఆమె కుర్చీని తనే లాక్కుని, తన బొమ్మ కిందే వేసుకుని కూర్చుంది. బిందు దూరంగా గోడ దగ్గర నిలబడింది. షరతు షరతే, దగ్గరికి రాలేదు. తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు, అంతే.

ఈసారి పదహారు పోట్లకూ నొప్పి పుట్టింది. మంట చెవుల్లోకి పాకింది. ఎవరూ బయటికి వెళ్ళలేదు. అరగంటకు ఎడమవైపు గీత పలచబడింది, గంటకు రెండు వైపులా చెంపలు దవడ దాటి కిందికి వేలాడాయి. గడ్డం కింద చర్మం ఖాళీ సంచిలా మిగిలింది. తల మీద ఆ బొమ్మ అలాగే ఉంది. పేరిందేవి అద్దం అడిగింది. తీరిగ్గా ఈ వైపూ ఆ వైపూ చూసుకుంది. కళ్ళలోకి రాబోయినదాన్ని రానివ్వలేదు. అద్దం పక్కన పెట్టి, నోరు తెరిచి, మూడు వేళ్ళు నిలువుగా పెట్టి అందరికీ చూపించింది. మూడూ పట్టాయి.

తహసీల్దారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

ఆ రోజు పేరిందేవి కాక పంతొమ్మిదిమంది కరిగించుకున్నారు. వారంలో ఇంకో తొమ్మిదిమంది వచ్చారు. మిగిలింది ఒకే ఒకామె, సంచి తీసుకుని లేచినావిడే. ఎన్ని ఉత్తరాలు పంపినా ఆవిడ రాలేదు. బిందు ఇప్పటికీ నెలకోసారి ఆవిడ ఇంటికి వెళ్ళి వేళ్ళు పెట్టి చూడమంటుంది. ఆవిడ తలుపు తీస్తుంది, కాఫీ ఇస్తుంది, నోరు మాత్రం చూపించదు.

రూతమ్మకు ఆపరేషను కూడా చేయవలసి వచ్చింది. మూడు నెలలకు రెండు వేళ్ళు పట్టాయి. మూడోది పట్టలేదు, ఇక పట్టదు. మొదటిసారి మెత్తగా కలిపిన పప్పన్నం తినిపించింది పేరిందేవే. రూతమ్మ నాలుగు ముద్దలు తిని, అయిదోది చేతిలోంచి తీసుకుని తనే పెట్టుకుంది. పేరిందేవి క్షమాపణ చెప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. తను కూడా చెప్పలేదుగా అంది, ఆ కొద్దిపాటి సందులోంచే.

కంపెనీ ఆ పనిని మూసేసింది. బిందు ఉద్యోగం మానేసి ఒక వైద్య కళాశాల ప్రయోగశాలలో చేరింది. అక్కడ యంత్రాలు పాతవి, గది ఇరుకు. కొన్నాళ్ళు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తల్లి మొహం చూడవలసివస్తుందని భోజనం కూడా వంటింట్లోనే ముగించేది. ఒకరోజు పేరిందేవి కంచం పట్టుకుని వచ్చి ఎదురుగా కింద కూర్చుంది.

"నా వైపు చూడవే," అంది. బిందు చూసింది. "నువ్వు చేసిన తప్పు వేరేవాళ్ళు పట్టుకుంటే నేను సిగ్గుపడేదాన్ని. నువ్వే పట్టుకున్నావు, నువ్వే నలుగురికీ చెప్పావు. నా మొహం సంగతి నేను చూసుకుంటా. నువ్వు అన్నం తిను."

ఆమె తన మొహం సంగతి నిజంగానే చూసుకుంది. పెద్ద పరిషత్తులు ఆమెను మళ్ళీ పిలవలేదు. చుట్టుపక్కల చిన్న ఊళ్ళవాళ్ళు పిలిస్తే రాజు వేషమే కట్టింది. మొదట జనం గుసగుసలాడేవారు. రెండో పద్యానికి మానేసేవారు. పిల్లలు ముసలి రాజు అనేవారు, ఆమెకు ఆ పేరు నచ్చింది.

ఆ తరవాతి ఏడాది విశాఖపట్నంలో డాక్టర్ల సభ జరిగింది. గెలిచిన ప్రయోగాల గురించి మాట్లాడేవాళ్ళు చాలామందే వచ్చారు. ఓడిన ప్రయోగం గురించి చెప్పడానికి పేరు ఇచ్చింది బిందు ఒక్కతే. పేరిందేవి వెంట వెళ్ళింది. జరీ అంచు చీర కట్టుకుని, బసవయ్యని పక్కన కూర్చోబెట్టుకుని, మూడో వరసలో చోటు చేసుకుంది.

బిందు మైకు ముందుకు వచ్చి, నోరు తెరుచుకోవడాన్ని మేము కొలవలేదు అని మొదలుపెట్టింది. గొంతు స్థిరంగా ఉంది. వేదిక మీద ఎలా నిలబడాలో కూతురికి తనెప్పుడూ నేర్పలేదే అనుకుంది పేరిందేవి. జిగురుకి ఆగడం నేర్పాలంటే ఎన్నేళ్ళు పడుతుందో తెలియదనీ, అది తెలిసేదాకా ఎవరి మొహంలోకీ ఎక్కించబోననీ, ఇలాంటి పరీక్షలు చేసే ప్రతివాళ్ళూ ముందుగా మనిషి నోరు తెరిపించి మాట్లాడించి చూడండనీ చెప్పింది. నాలుగు వందలమంది రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

అప్పుడు తెర మీద రెండు బొమ్మలు పడ్డాయి. కరిగించకముందు ఒకటి, కరిగించాక ఒకటి. పేరు లేదు, వయసు మాత్రం ఉంది. వేలాడే చెంపలతో ఆ మొహం గోడంత పెద్దదై కనిపించేసరికి హాల్లో అలికిడి ఆగిపోయింది. పేరిందేవి చెయ్యి దానంతటదే గడ్డం దగ్గరికి వెళ్ళింది. ఆమె దాన్ని తీసి ఒడిలో పెట్టుకుని, వెనక వరసలకు కూడా కనపడేట్టు తల ఎత్తి కూర్చుంది.

పక్క కుర్చీలో కుర్ర డాక్టరు తెరకేసి చూసి, ఆమెకేసి చూసి, మళ్ళీ తెరకేసి చూశాడు. అడగాలా వద్దా అన్నట్టు తటపటాయించాడు.

"నేనే బాబూ," అంది పేరిందేవి. "ఆ మాట్లాడుతున్నది నా కూతురు."